అటువైపు తెర

మరలున్నదే కావాలి. ఎవరు పట్టుకుని గుంజినా ఊడిరానిది కావాలి. గీత టేబుల్ కిందికి దూరి మోకాళ్ళ మీద కూర్చుని, సీపీయూ డబ్బా వెనక సెల్‌ఫోన్ వెలుగు కొట్టి చూస్తూ ఇదే మాట లోపల్లోపల నూరుకుంటోంది. డబ్బా వెనక మూడు బెజ్జాలు. నీలం రంగుది ఒకటి, పదిహేను పిన్నులు పట్టేది, పాతకాలపు వీజీఏ. దాని పక్కన తెల్లగా, వెడల్పుగా డీవీఐ. ఆ పక్కన చీల్చినట్టు సన్నగా హెచ్‌డీఎంఐ. మూడింటి వైర్లూ ఆమె చేతికి అందేట్టు ఉన్నాయి. గోడ గడియారం తొమ్మిదీ అయిదు. పదింటికి గంగాధరరావు వస్తాడు, కూతుర్ని వెంటబెట్టుకుని. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టుకోవడానికి ఇవాళే ఆఖరు, సాయంత్రం అయిదు దాకా. బయట తెలంగాణ బంద్. షట్టరు సగం దించి ఉంది, దాని మీద గులాబీ రంగు జెండా కట్టి ఉంది. ఈ గంటలో ఆమె మూడింట్లో ఒక వైరును ఎంచుకోవాలి. ఆమె ఎంచుకున్న వైరు మోసం చేస్తే రేపటి నుంచి ఈ కుర్చీ ఆమెది కాదు. సెంటరు ఓనరు లింగస్వామి మొన్ననే ఆ మాట చెప్పేశాడు, మెల్లగా, పక్కకు పిలిచి, సొంత మనిషిలాగా. సొంత మనిషిలాగా చెప్పడమే ఆమెకు ఎక్కువ కాలింది.

అటువైపు తెర అని సెంటర్లో అందరూ అనేది రెండో మానిటర్‌ను. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో నెట్ సెంటర్లు పదికి పైనే ఉన్నాయి గాని, కౌంటరు మీద, వచ్చినవాళ్ళ వైపుకు తిప్పిన తెర ఉన్నది లింగస్వామి దగ్గరే. గీత ఇటు తన తెర మీద ఏం కొడితే అది అటు కనబడుతుంది. తెర మీద పెద్ద పట్టిక, గళ్ళు గళ్ళుగా. కాలేజీల పేర్లు నిలువుగా, పైన అడ్డంగా బ్రాంచీలు. పిల్లకు మొదట ఏది కావాలో ఆ గడిలో ఒకటి, తర్వాత కావలసిన గడిలో రెండు, అట్లా నలభయ్యో యాభయ్యో. అన్నీ అయ్యాక ఫ్రీజ్ అని నొక్కితే ఇక మార్చడానికి లేదు, దేవుడు దిగివచ్చినా లేదు. అంకె ఒక గడి పక్కకు పడితే పిల్ల నాలుగేళ్ళు పక్కకు పడ్డట్టే. అందుకని తల్లిదండ్రులు అటువైపు తెరకు ముఖాలు ఆనించి చూస్తారు. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా చూస్తారు. వేలితో అద్దం మీద గడి గడినీ తడుముతారు, సాయంత్రానికి గీత ఆ వేలి మరకలన్నీ తడి గుడ్డతో తుడుస్తుంది. చంపాపేట నుంచి, మన్సూరాబాద్ నుంచి, బాలాపూర్ నుంచి కూడా వస్తున్నారంటే ఆ తెర కోసమే. కంటికి కనబడుతుందని. కనబడితే చాలు, నమ్ముతారని లింగస్వామి లెక్క. గంగాధరరావు వచ్చేదాకా గీత కూడా అట్లాగే అనుకుంది.

మొన్న మంగళవారం అతను కూర్చున్నదీ అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీలో. ఏదో ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఆంధ్రా మనిషి, ఎల్‌బీ నగర్‌లో సొంతిల్లు. చేతిలో పిల్లకు కావలసిన కాలేజీల జాబితా, ఆఫీసు కాగితం వెనక ఎర్ర సిరాతో రాసింది, పక్కన టిక్కు పెట్టుకోవడానికి స్కేలుతో గీసిన గీతలు. కూతురు అమల పక్కన నిలబడి దుపట్టా కొస చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది. గీత ఒక్కొక్క అంకె కొడుతోంది, అతను ఒక్కొక్క టిక్కు పెడుతున్నాడు. పదమూడో అంకె దగ్గర, సరిగ్గా కనబడటం లేదని అతనే తెరను చేత్తో పట్టుకుని తన వైపుకు లాక్కున్నాడు. వెనక హెచ్‌డీఎంఐ వైరు జారింది. దానికి మరలుండవు, ఊరికే గుచ్చుకుని ఉంటుంది, అంతే. తెర నల్లగా అయింది. గీత లేచి అటు వంగి వైరును లోపలికి నొక్కింది. వైరు బిగిసినా బొమ్మ వెంటనే రాదు, లోపల ఒకదాన్నొకటి గుర్తుపట్టుకోవడానికి కాసేపు తీసుకుంటాయి. మొత్తం మీద ఆరు సెకన్లు. ఆరే. తర్వాత బొమ్మ వచ్చింది, పదమూడో అంకె పదమూడో అంకె లాగే ఉంది. కానీ అతను ఎర్రసిరా పెన్ను మూత పెట్టేశాడు.

"ఆ చీకట్లో ఏం కొట్టావమ్మా?" అన్నాడు.

ఏం కొట్టలేదని, వైరు ఊడిందని, కావాలంటే మొదటి నుంచి చూసుకోమని ఆమె చెప్పింది. మొదటి నుంచి చూపించింది కూడా. అన్నీ అతని కాగితంలో ఉన్నట్టే ఉన్నాయి. అయినా అతను తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఇప్పుడు సరిగ్గానే కనబడుతుందిలే, లోపల ఏం ఎక్కిందో ఎవరికి తెలుసు అన్నాడు. అక్కడితో ఊరుకున్నా ఆమె ఊరుకునేది. వెనక కూర్చున్న ఎనిమిదిమంది వినేట్టు, గొంతు పెంచకుండా, ఆఫీసులో ఫైలు మీద నోట్ రాసినంత నిదానంగా ఇంకో మాట అన్నాడు. "మొన్న ఎల్‌బీ నగర్ చౌరస్తాలో నడిరోడ్డు మీద గరిటె పట్టుకుని ఉప్మా వడ్డించింది నువ్వే కదూ. నేను స్కూటర్ దిగి అరగంట నిలబడ్డాను. గుర్తుంది నాకు. మా పిల్లలకి సీట్లొస్తే మీకు కడుపుమంట." ఏదీ సేవ్ చేయనివ్వకుండా పదమూడు దగ్గరే ఆపేసి వెళ్ళిపోయాడు, మళ్ళీ ఇవాళ పదింటికి వస్తానని నిన్న లింగస్వామికి ఫోన్ చేశాడు.

అవును, ఆమే. వంటావార్పు నాడు రోడ్డు మీద రాళ్ళు పేర్చి పొయ్యి పెట్టినప్పుడు గరిటె పట్టుకుంది, దుపట్టాకు గులాబీ రిబ్బను పిన్నుతో గుచ్చుకుంది, జై తెలంగాణ అని గొంతు బొంగురుపోయేదాకా అరిచింది. అందులో దాచేదేముంది. అయితే ఏంటి. పొయ్యి మీద గరిటె తిప్పిన చెయ్యి పిల్ల అంకెలు మారుస్తుందా. ఈ జవాబు ఆమెకు ఆ రోజు రాలేదు. రాత్రి చపాతీ పిండి పిసుకుతుంటే వచ్చింది, నిన్న బట్టలు ఉతుకుతుంటే వచ్చింది, ఇవాళ పొద్దున ఏడింటికి బస్సుల్లేక మన్సూరాబాద్ నుంచి నడుచుకుంటూ వస్తుంటే ప్రతి అడుగుకూ వచ్చింది. చౌరస్తాలో టైర్లు కాలుతున్న చోట నల్లని పొగలో నుంచి వెళుతూ ఆ మాటను బయటికే అనేసింది, పక్కన పోలీసు ఒకాయన తిరిగి చూశాడు. అవసరమైన చోట రాని మాట, అక్కర్లేని చోట ఊటలాగా. డిగ్రీ చదివే రోజుల్లోనూ అంతే. గీత మాట్లాడగానే వెనక బెంచీలో ఎవరో ఒకరు ఆమె యాస పట్టేవాళ్ళు, గట్లనా, గిట్లనా అని. లెక్చరర్ కూడా నవ్వేది, పెదవి బిగించి, నవ్వనట్టు. అప్పుడూ జవాబు రాత్రికే వచ్చేది.

ఇంకోటి కూడా ఉంది, అది ఎవరికీ చెప్పలేనిది. ఆ ఆరు సెకన్లూ ఆమెకు సంతోషమేసింది. తెర ఆరగానే గంగాధరరావు ముఖం చూసింది. కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు, దించాడు, నల్లటి అద్దంలో తన ముఖమే కనబడితే అటూ ఇటూ చూశాడు. ప్రపంచంలో ఎక్కడో తన పిల్ల జీవితం రాయబడుతోంది, అది తనకు కనబడటం లేదు. ఆ చూపు గీతకు తెలుసు. చూడు, బాగా చూడు, ఎట్లుంటదో చూడు అని ఆమె లోపల ఏదో గట్టిగా అంది. వైరు నొక్కడానికి లేచింది గాని, ఒక్క క్షణం ఆలస్యంగా లేచింది. ఆ ఒక్క క్షణం గురించే ఆమెకు భయం. అంకె మార్చలేదు, నిజమే. కానీ అతను అన్న కడుపుమంట అనే మాట పూర్తిగా అబద్ధమైతే ఇంతగా ఎందుకు కాలాలి.

ఆ చూపు సీతారాములుది, ఆమె నాయినది. నాలుగేళ్ళ కింద. కొత్తపేట పండ్ల మార్కెట్లో రాత్రంతా హమాలీ చేసి, పొద్దున స్నానం చేసి, ఉన్న ఒక్క తెల్ల చొక్కా తొడుక్కుని కూతుర్ని తీసుకుని ఇట్లాంటి సెంటర్‌కే వచ్చాడు. ఇది కాదు, ఇంకోటి, ఇప్పుడు లేదు అది. ఇంటర్ పాసైన మనిషి వాళ్ళ ఇంట్లో గీతే మొదలు, కౌన్సెలింగ్ అనే మాట విన్నదీ గీతే మొదలు. లోపల కూర్చున్నవాడు ర్యాంకు కార్డు తీసుకుని, కాలేజీలు చెప్పమన్నాడు. గీత చెప్పబోయింది. ఆమె గొంతు వినబడేట్టు లేదని చేయి ఊపి, నేనే మంచివి పెడతాలే అన్నాడు. అరగంట టకటకలాడించాడు. ఆ అరగంటా సీతారాములు కౌంటరు ఇవతల నిలబడి, తువ్వాలు రెండు చేతుల్లో పట్టుకుని, మానిటర్ వీపును చూశాడు. ప్లాస్టిక్ వీపు, గాలి పోయేందుకు సన్నటి చీలికలు, మూలన కంపెనీ వాళ్ళ స్టిక్కరు. దాన్నే, కళ్ళు ఆర్పకుండా, లోపల జరిగేది ఆ చీలికల్లో నుంచి కనబడుతుందేమో అన్నట్టు. గీతకు కూడా కనబడలేదు. వాడు అయిదే అయిదు ఆప్షన్లు పెట్టి ఫ్రీజ్ నొక్కేశాడు, అయిదూ ఆమె ర్యాంకుకు ఎన్నడూ రానివి. ఎక్కడా సీటు రాలేదు. ర్యాంకు మంచిదే కదా అని బస్తీలో అందరూ అడిగితే నాయిన, మా బిడ్డకు రాసిపెట్టి లేదు అనేవాడు. రాసినవాడు చాయ్ తాగుతూ రాశాడని గీతకు తెలుసు. అమ్మ అండాలమ్మ మాత్రం వాని చేతులు పడిపోను అని తిట్టేది, రోజూ, రొట్టె కొడుతూ. బీకాం కంప్యూటర్స్‌లో చేరిన రోజు కూడా తిట్టింది. ఇప్పుడు గీత చేతులే కీబోర్డు మీద ఉన్నాయి. ఇన్నాళ్ళలో ఆమె ఒక్కరి అంకె తప్పు కొట్టలేదు. ఒక్కరిదంటే ఒక్కరిది కూడా. లెక్క పెట్టలేదు గాని తెలుసు.

తొమ్మిదీ ఇరవై. తేల్చాలి. హెచ్‌డీఎంఐ కొత్తది, బొమ్మ అద్దంలాగా ఉంటుంది, లింగస్వామి కొత్త మానిటర్‌తో పాటు ముచ్చటపడి తెచ్చుకున్నది. కానీ దానికి పట్టు లేదు. లాగితే వస్తుంది, లాగకున్నా టేబుల్‌కు మోచెయ్యి తగిలితే కదులుతుంది, కదిలితే పూర్తిగా చీకటి, మధ్యస్థంగా ఏమీ ఉండదు. వీజీఏ పాతది, మొండిది. మరలు బిగిస్తే మానిటర్ కింద పడ్డా ఊడదు. ఒకటో రెండో పిన్నులు వంగినా తెర చావదు, గులాబీ రంగుకో పసుపుకో తిరుగుతుంది అంతే, అక్షరాలు మాత్రం కనబడతాయి. గులాబీ రంగుకు తిరిగితే ఆ మనిషి ఏమంటాడో తల్చుకుంటే టేబుల్ కింద ఒక్కతే ఉండి గీతకు నవ్వొచ్చింది, నవ్వు సగంలోనే చేదైంది. అయినా ఈ వైరు పొడుగైనది, నాసిరకం, అయిదు మీటర్లు సాగేసరికి బొమ్మ అలుక్కుపోతుంది. ప్రతి అక్షరానికీ పక్కనే దాని నీడ, ప్రతి గీతా రెండు గీతలు. ఆ మసకలో తెర చూసి, ఇదేంటి, ఇందులో ఏం కనబడి చస్తుంది, కావాలనే ఇలా పెట్టావు అంటాడు. అంటాడు, తప్పకుండా అంటాడు. అనడానికే వస్తున్నాడు. ఇక డీవీఐ. మరలూ ఉన్నాయి, బొమ్మా తేటగా ఉంటుంది. నమ్మదగ్గది ఏదంటే అదే. కానీ డీవీఐ బెజ్జం ఒక్కటే, అది గీత మానిటర్‌కు పోతోంది. ఆ మానిటర్ పాతది, హెచ్‌డీఎంఐ పట్టే బెజ్జం దానికి లేదు. రోజుకు పదిగంటలు చూసే కళ్ళు ఆమెవి, అందుకని తేటైనది తాను పెట్టుకుంది.

అంటే మంచి వైరు ఆ మనిషికి ఇచ్చి మసకది తాను తీసుకోవాలి. ఎందుకివ్వాలి. అందరి ముందూ దొంగ అన్నవాడికి కళ్ళ ముందు తేటనీళ్ళు పరిచినట్టు పరిచి, తాను నీడల అక్షరాలు పట్టుకుని చూపు పాడుచేసుకోవాలా. చౌరస్తాలో అరిచిన గొంతు ఇంకా గరగరలాడుతోంది, నిధులు మావి, నీళ్ళు మావి, కొలువులు మావి అని. వైరు కూడా మాదే అనాలనిపించింది. అంటే ఎట్లా ఉంటుంది, మసక తెర వాడికిచ్చి, లాక్కో, ఎంత లాగుతావో లాగు, ఊడదు, కనబడదు కూడా అని. దానివల్ల ఏమవుతుంది, లింగస్వామి పొమ్మంటాడు. పొమ్మంటే మార్కెట్లో నాయిన వీపు మీద ఇంకో పెట్టె ఎక్కుతుంది. నాయిన పెట్టెలకు తాడు కట్టేటప్పుడు ముడి వేసి ఊరుకోడు, మూడుసార్లు గుంజి చూస్తాడు. ఒకసారి పైకి, ఒకసారి పక్కకు, ఒకసారి తన బరువంతా వేసి. లారీ కదిలాక బత్తాయి రోడ్డున పడితే సేటు తాడును అడగడు, కట్టినవాణ్ణి అడుగుతాడు. గీత తన మానిటర్ వెనక నుంచి తెల్ల మూతి డీవీఐ వైరు మరలు విప్పింది. దాన్ని అటువైపు తెరకు పెట్టి రెండు మరలూ గోరు నొప్పి పుట్టేదాకా బిగించింది. పైకి గుంజింది, పక్కకు గుంజింది, తెరను రెండు చేతులా పట్టుకుని తన బరువంతా వేసి తన వైపుకు లాగింది. బొమ్మ చెక్కు చెదరలేదు. తర్వాత మసక వైరు తన మానిటర్‌కు బిగించి కుర్చీలో కూర్చుంటే, గళ్ళన్నీ జంటలు జంటలుగా కనబడ్డాయి. కళ్ళు చికిలించింది. అలవాటైన చేతులు, చూపు లేకపోయినా కొడతాయి. చూసుకో, గంగాధరరావు సారూ, బాగా చూసుకో. నా చేతులు నీకు కనబడేట్టు చేసింది నేనే.

లింగస్వామి పావు తక్కువ పదికి షట్టరు కింద నుంచి వంగి వచ్చాడు. మెడలో గులాబీ కండువా, చేతిలో ఇడ్లీల పొట్లం. బంద్ నాడు సెంటరు తెరిచినందుకు ఎవరైనా రాయి విసురుతారేమోనని కండువా. ఆంధ్రా గిరాకీ దెబ్బతినకుండా సెంటరు తెరవడం. రెండూ ఒకే మెడ మీద మోస్తాడు. నకిరేకల్ దగ్గరి మనిషి, గీత వాళ్ళ ఊరికి రెండు ఊళ్ళ అవతల.

"చూడు గీతా, ఆ సార్ కాలనీల చెప్పిండంటే పదిమంది ఆగిపోతరు," అన్నాడు ఇడ్లీ నోట్లో పెట్టుకుంటూ. "జెండా వేరే, గిరాకీ వేరే. అటు తెర ఇంకొక్కసారి ఆరిందనుకో, నేనేం చెయ్యలేను మల్ల."

"ఆరదన్నా," అంది గీత.

"ఎట్ల చెప్తవ్?"

"బిగిచ్చిన."

పదింటికి రెండు నిమిషాలుండగా వాళ్ళొచ్చారు. గంగాధరరావు చెమటతో తడిసి ఉన్నాడు, స్కూటర్ ఎక్కడో ఆపేసి నడిచి వచ్చినట్టున్నాడు. చొక్కా జేబులో అదే ఎర్ర సిరా పెన్ను. తక్కిన సెంటర్లన్నీ మూసి ఉన్నాయని, లేకపోతే ఈ గుమ్మం తొక్కేవాణ్ణి కాదని లింగస్వామితో అన్నాడు. లింగస్వామి అవును సార్, నిజమే సార్ అన్నాడు. అతని వెనక అమల, మొన్నటి దుపట్టాయే, మొన్నటి వేళ్ళే. గీత లేచి నిలబడింది. పొద్దుటి నుంచి ఈ క్షణాన్నే రకరకాలుగా చూసుకుంటూ వచ్చింది. అతను కూర్చుంటాడు, తెరను లాక్కుంటాడు, అది ఊడదు, మళ్ళీ లాక్కుంటాడు, ఊడదు, నలభై రెండు అంకెలూ కళ్ళముందే ఎక్కుతాయి, ఫ్రీజ్ అవుతుంది, అప్పుడు ఆమె ఏమీ అనదు, ఊరికే ముఖం వైపు చూస్తుంది, అంతే. ఆ చూపు ఎట్లా ఉండాలో కూడా అనుకుంది. గంగాధరరావు ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి వచ్చాడు, కూర్చోలేదు. తేటగా వెలుగుతున్న తెరను ఒక్కసారైనా చూడలేదు. కౌంటరు చుట్టూ తిరిగి లోపలికి వచ్చి ఆమె కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు.

"లే. నేనే కొట్టుకుంటాను," అన్నాడు.

"అటు మంచిగ కనబడుతది సార్, మీకోసమే కొత్తగ..."

"నువ్వు చూపించేది నాకక్కర్లేదు."

గీత లింగస్వామి వైపు చూసింది. లింగస్వామి కనుబొమలతోనే లే అన్నాడు. ఆమె లేచి బయటికి వచ్చింది. ఎక్కడ నిలబడాలో తెలియక చివరకు అటువైపు, వచ్చినవాళ్ళు కూర్చునే చోట కూర్చుంది. పక్కన అమల. ఇద్దరి ముందూ తెర, నిండు పున్నమిలాగా, ప్రతి గీతా విడివిడిగా. అవతల గంగాధరరావు ఆమె కుర్చీలో, ఆమె మసక మానిటర్‌కు ముఖం ఆనించి, చూపుడువేలు ఒక్కదానితో కొడుతున్నాడు. అంకె కొట్టి, కాగితం మీద టిక్కు పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ. ఇదేం తెరయ్యా, అక్షరాలన్నీ కవలపిల్లల్లా ఉన్నాయి అని విసుక్కున్నాడు. పాతది సార్ అన్నాడు లింగస్వామి. ఒకటి సరిగ్గా పడింది. రెండు సరిగ్గా పడింది. మూడు అనే అంకె, కంప్యూటర్ సైన్స్ గడిలో పడాల్సింది, పక్కన సివిల్ గడిలో పడింది. మసకలో అతనికి రెండు గళ్ళకూ నడుమ గీత ఎక్కడుందో కనబడి ఉండదు. పడింది, అక్కడే కూర్చుంది. అతను నాలుగుకు పోయాడు.

అనాలంటే ఇప్పుడే అనవచ్చు. గీత నోరు తెరవలేదు. పడనీ. వాడి వేలే, వాడి తెరే, వాడు లాక్కున్న కుర్చీయే. ఆరు సెకన్లు కాదు, అరగంట, ఎంతసేపు కావాలంటే అంతసేపు పడనీ. అయిదు, ఆరు, ఏడు. మూడో ఆప్షన్ అంటే అమల ర్యాంకుకు దాదాపు ఖాయంగా వచ్చేది అదే, మొన్ననే గీత అంచనా వేసింది. సివిల్ సీటు వచ్చినప్పుడు ఏ కాగితం మీదా గీత పేరు ఉండదు. అతనికి తాను చేసిన తప్పని తెలుస్తుందా, తెలియదు, అప్పుడు కూడా ఆ మొన్నటి చీకటే అంటాడు, ఆ గరిటె పట్టుకున్న పిల్లే అంటాడు. అనుకోనీ. ఇరవై. ఇరవై ఒకటి. పక్కన అమల తెర వైపు చూడటమే లేదు. తండ్రి ముఖం వైపు చూస్తోంది, కౌంటరు ఇవతల నుంచి, మానిటర్ వీపు మీదుగా. చేతుల్లో దుపట్టా కొస, రెండు చేతుల్తో. గీతకు ఒళ్ళు మండింది, ఈ పిల్ల మీద, ముందున్నది చూసుకోవచ్చు కదా, చదువుకున్నదే కదా. తర్వాత తన మీద.

"సార్, మూడో నంబరు తప్పు పడ్డది. సివిల్ల పడ్డది," అంది.

గంగాధరరావు తలెత్తలేదు. నలభై ఒకటి కొట్టాడు. నలభై రెండు కొట్టాడు. పెన్ను మూత పెట్టాడు.

"సార్, మీ పేపర్ల సీఎస్‌ఈ ఉన్నది. ఒక్కసారి చూడుండ్రి."

"ఇప్పుడు మారుస్తాను, మారిస్తే ఇంకోటి పాడవుతుంది, అదే కదా నీకు కావాల్సింది," అన్నాడు. "నువ్వు తప్పన్నావంటే అది కరెక్టే."

లింగస్వామి గీతా, నువ్వు ఊకో అన్నాడు. అమల ఇప్పుడు తెర వైపు తిరిగింది. ఆమె కళ్ళు మూడు దగ్గర ఆగడం గీత చూసింది, ముఖం పాలిపోవడమూ చూసింది. నాన్నా అంది అమల, గొంతులోనే. తండ్రి వినలేదో, వినదలుచుకోలేదో. తెర మీద చిన్న పెట్టె వచ్చింది, ఖాయం చేస్తున్నారా, తర్వాత మార్చడం కుదరదు, అవును, కాదు. గంగాధరరావు మౌసును అవును వైపుకు జరుపుతున్నాడు, మసకలో వెతుక్కుంటూ, ముఖం తెరకు తాకేంతగా వంగి. గంటసేపు టేబుల్ కింద కూర్చున్న గీతకు అక్కడ ఏది ఎక్కడుందో కళ్ళు మూసుకున్నా తెలుసు. కుర్చీ వెనక్కి తోసి వంగింది. కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే యూపీఎస్ పెట్టె బొత్తాం వేలికి దొరికింది. ఆమె దాన్ని లోపలికి నొక్కి, కూత పూర్తిగా ఆగిపోయేదాకా అట్లాగే పట్టుకుంది.

రెండు తెరలూ ఒకేసారి ఆరాయి. గంగాధరరావు చెయ్యి మౌసు మీదే ఉంది. లింగస్వామి కౌంటరు పట్టుకుని ఆరిన తెర వైపే చూస్తున్నాడు. గీత లేచి చేతుల దుమ్ము దులుపుకుంది.

"ఇప్పుడు ఆర్పింది నేనే సార్. అందరు చూసిండ్రు కదా. మొన్న నేను కాదు."

అతను లింగస్వామి వైపు తిరిగి ముందీ అమ్మాయిని బయటికి పంపించండి అన్నాడు. గొంతు అతను అనుకున్నంత నిదానంగా రాలేదు. లింగస్వామి ఏమీ అనకుండానే గీత కౌంటరు కింద నుంచి సంచి తీసుకుంది. ఫ్రీజ్ కాలేదని, సిస్టం మళ్ళీ పెడితే పట్టిక తెరుచుకుంటదని, మూడోది సరిచేసుకోమని, అయిదు దాకా టైముందని చెప్పింది, గంగాధరరావుకు కాదు, అమలకు. అమల తల ఊపింది. థాంక్స్ అనబోయిందేమో, గీత ఆ మాట కోసం ఆగలేదు. ఆమెకు ఆ పిల్ల థాంక్స్ అక్కర్లేదు, ఆ తండ్రి క్షమాపణ అసలే అక్కర్లేదు. షట్టరు కింద నుంచి వంగి గల్లీలోకి వచ్చింది. ఎండ. ఎక్కడో దూరంగా మైకులో నినాదాలు. మన్సూరాబాద్ దాకా నడవాలి, ఇంట్లో నాయిన అప్పుడే పని నుంచి వచ్చి పడుకుని ఉంటాడు, లేచాక అడుగుతాడు. ఉద్యోగం పోయిందని చెప్పాలి. ఎందుకు పోయిందంటే ఏం చెప్పాలో కొత్తపేట దాటేదాకా ఆలోచించింది. చివరకు ఉన్నది ఉన్నట్టే చెప్పాలనుకుంది. తప్పు పట్టి పంపించారని కాదు. నేనే చేసిన నాయినా, తెలిసే చేసిన అని.